రూ.3 వేల లోపు వైఫై రూటర్: డబ్బాపై 1200 అంటే నిజంగా ఎంత? కొనేముందు చూడాల్సిన అసలు సంగతి ఇదే..

నెల నెలా ఇంటర్నెట్ బిల్లు కడుతున్నాం. 200 ఎంబీపీఎస్ ప్లాన్ అన్నారు. తీరా బెడ్‌రూమ్‌లోకి వెళ్తే యూట్యూబ్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆఫీస్ మీటింగ్‌లో మాట తెగిపోతుంది. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకు చివరి రోజు రాత్రి పేజీ ఓపెన్ కాక, పిల్లాడు నాన్న ఫోన్ హాట్‌స్పాట్ కోసం పరుగెత్తుతాడు. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే.. 'కొత్త రూటర్ కొనేద్దాం'.

ఆన్‌లైన్‌లో వెతికితే వెయ్యి రూపాయల నుంచి పాతిక వేల దాకా రూటర్లు కనిపిస్తాయి. డబ్బాల మీద ఏసీ750, ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అని పెద్ద పెద్ద అంకెలు. నాలుగు యాంటెన్నాలు, ఆరు యాంటెన్నాలు. ఏది ఘనంగా కనిపిస్తే అదే మంచిదనుకుని కొనేస్తాం. నిజానికి మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి రెండున్నర, మూడు వేలల్లో అయిపోయే పని ఇది. కానీ ఐదారు వందలు మిగులుతాయని తప్పు మోడల్ తీసుకుంటే, మీరు కట్టే ప్లాన్‌లో సగం స్పీడ్ ప్రతి నెలా వృథా అవుతుంది. అదెలాగో చూద్దాం.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి..

రూటర్ కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్ ఉంటే లాన్ కేబుల్‌తో నేరుగా ఆపరేటర్ పెట్టిన డబ్బాకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ పట్టుకుని దాని పక్కనే నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కనెక్ట్ అయ్యి చూడండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది గంటలకు ఇంకోసారి చేస్తే మంచిది. రాత్రి పూట కాలనీ అంతా ఇంటర్నెట్ మీదే ఉంటుంది కాబట్టి లైన్ సత్తా అప్పుడే తెలుస్తుంది.

కేబుల్ పెట్టినా స్పీడ్ రాకపోతే అది లైన్ సమస్య. పది వేల రూటర్ పెట్టినా మారదు. ఆపరేటర్‌కు ఫిర్యాదు చేయాల్సిందే. డబ్బా దగ్గర బాగా వచ్చి, గది మారగానే పడిపోతుంటే మాత్రం అది వైఫై సమస్య. మన చేతుల్లో ఉన్నది ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. అంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున వస్తుంటే లైన్ సరిగ్గానే ఉన్నట్టు. '100 అని చెప్పి 12 ఇస్తున్నారు' అని గొడవ పడాల్సిన పని లేదు.

మీ ఇంట్లో ఇప్పటికే రూటర్ ఉండొచ్చు!

ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో గోడకు ఒక డబ్బా ఉంటుంది. సన్నటి ఫైబర్ తీగ నేరుగా దాంట్లోకే వస్తుంది. దీన్ని ఓఎన్‌టీ అంటారు. కాంతి రూపంలో వచ్చే సిగ్నల్‌ను మన పరికరాలకు అర్థమయ్యేలా మార్చేది ఇదే. ఇప్పుడు ఇస్తున్న చాలా ఓఎన్‌టీల్లో వైఫై రూటర్ కూడా లోపలే ఉంటుంది. డబ్బా కింద స్టిక్కర్ చూడండి. 2.4జీ, 5జీ అని రెండు వైఫై పేర్లు ఉంటే అది డ్యూయల్ బ్యాండ్. అప్పుడు ఇంకో రూటర్ కొనే ముందు ఉన్నదాన్ని సరైన చోట పెట్టి చూడటం తెలివైన పని. ఒక్క పేరే ఉండి 2.4 మాత్రమే అయితే, డ్యూయల్ బ్యాండ్ డబ్బా మార్చి ఇవ్వమని ముందు ఆపరేటర్‌ను అడగండి. కొందరు ఉచితంగానే మారుస్తారు, కొందరు డిపాజిట్ అడుగుతారు. అడిగితే పోయేదేమీ లేదు.

(స్టిక్కర్ మీద 5జీ అని కనిపించగానే మొబైల్ 5జీ అనుకోకండి. దానికీ దీనికీ సంబంధం లేదు. అది 5 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ.)

మీరు కొనే రూటర్ ఓఎన్‌టీకి బదులు పనిచేయదు, దాని వెనక పనిచేస్తుంది. ఓఎన్‌టీ లాన్ పోర్ట్ నుంచి కొత్త రూటర్ వాన్ పోర్ట్‌కు ఒక కేబుల్ వెళ్తుంది, అంతే. అందుకే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనిపించే 'ఏడీఎస్‌ఎల్ మోడెమ్ రూటర్' జోలికి పోవద్దు. అది పాత ల్యాండ్‌లైన్ రాగి తీగల కోసం చేసింది. అలాగే సిమ్ వేసుకునే 4జీ రూటర్ వేరే రకం. ఫైబర్ ఇంటికి కావాల్సింది ఈథర్‌నెట్ వాన్ పోర్ట్ ఉన్న మామూలు వైఫై రూటర్.

డబ్బాపై 1200.. లోపల 100!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏసీ1200 అంటే 1200 ఎంబీపీఎస్ స్పీడ్ వస్తుందని కాదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867.. రెండూ కూడి, పైకి సవరించి 1200 అని రాస్తారు. ఏఎక్స్1500 కూడా అంతే, 300కు 1201 కలిపారు. ఏఎక్స్1800 అంటే 574 ప్లస్ 1201. ఏఎక్స్3000 అంటే 574 ప్లస్ 2402. మీ ఫోన్ సాధారణంగా ఒకసారి ఒక్క బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది కాబట్టి ఈ కూడిక వల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు. పైగా ఇవన్నీ కాగితం మీద లెక్కలు. 867 అని రాసి ఉన్న చోట, అదే గదిలో కూర్చున్నా దాదాపు సగం చేతికొస్తే గొప్ప.

సరే, సగమైనా 400 పైనే కదా, మన ప్లాన్ 200యే కదా అంటారా? ఇక్కడే తిరకాసు ఉంది. ఇంటర్నెట్ రూటర్ లోపలికి వచ్చే దారి వెనకున్న వాన్ పోర్ట్. తక్కువ ధర మోడళ్లలో ఈ పోర్ట్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ మాత్రమే. దీన్నే ఫాస్ట్ ఈథర్‌నెట్ అంటారు. పేరులో ఫాస్ట్ ఉంది గానీ ఇప్పటి లెక్కలో అది స్లో. ఇలాంటి పోర్ట్ నుంచి స్పీడ్ టెస్ట్‌లో వచ్చేది మహా అయితే 94, 95. మీ ప్లాన్ 200 అయినా, 300 అయినా అంతకు మించి లోపలికి రాదు. డబ్బా మీద 1200 అని ఉన్నా సరే. ట్యాంక్ ఎంత పెద్దదైనా అరంగుళం పైపు నుంచి వచ్చే నీళ్లు అంతే కదా, ఇదీ అలాంటిదే.

ఉదాహరణకు టీపీ-లింక్‌లో ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండూ ఏసీ1200 తరగతివే. సీ50లో పోర్టులు 100 ఎంబీపీఎస్, సీ6లో గిగాబిట్. టెండాలో ఏసీ6, ఏసీ10 మధ్య తేడా కూడా ఇదే. ఏసీ6లో 100, ఏసీ10లో గిగాబిట్. డబ్బాలు పక్కపక్కన పెడితే ఈ తేడా కంటికి ఆనదు. ధరలో తేడా కొన్ని వందలే.

మరి ఎలా గుర్తుపట్టాలి? స్పెసిఫికేషన్లలో పోర్టుల దగ్గర '10/100' అని ఉంటే ఫాస్ట్ ఈథర్‌నెట్. '10/100/1000' అని గానీ, గిగాబిట్ అని గానీ ఉంటే అది మనకు కావాల్సింది. వాన్, లాన్ రెండింటికీ ఈ మాట ఉందో లేదో చూడండి. కొన్ని లిస్టింగుల్లో ఈ లైన్ ఎక్కడో అడుగున ఉంటుంది. అసలు కనిపించకపోతే కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి చూసుకోవాలి. గిగాబిట్ ఉంటే ఏ కంపెనీ అయినా దాన్ని దాచుకోదు, పెద్దక్షరాల్లోనే రాసుకుంటుంది.

ఇంకో చిన్న విషయం. గిగాబిట్ రూటర్ కొన్నాక కూడా స్పీడ్ 94 దగ్గర ఆగిపోతే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్ నడవాలంటే లాన్ కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. కొన్నిచోట్ల లైన్‌మ్యాన్ నాలుగు తీగలే క్రింప్ చేసి వదిలేస్తాడు. 100 వరకూ అది బాగానే పనిచేస్తుంది, అంతకు మించి పోదు. క్యాట్5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల వరకూ గిగాబిట్ లాగుతుంది. రూటర్‌తో పాటు వచ్చే చిన్న కేబుల్ వేసి చూస్తే సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మీ ప్లాన్ బట్టి ఎంత పెట్టొచ్చు?

ధరలు సేల్స్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి ఇవి సుమారు లెక్కలు మాత్రమే.

వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికేవి ఎన్300 రకం. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇస్తాయి. 30, 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి, చుట్టూ ఎక్కువ ఇళ్లు లేని ఊళ్లో అయితే వీటితో నెట్టుకురావచ్చు. అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దు. ఫోన్‌లో వైఫై ఆన్ చేస్తే పక్క ఫ్లాట్ల పేర్లు ఇరవై కనిపిస్తాయి కదా, వాటిలో చాలావరకు 2.4లోనే ఉంటాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా వాడుకోగల ఛానళ్లు మూడే.. 1, 6, 11. ఇరవై ఇళ్లు మూడు దారుల్లో వెళ్లాలంటే ట్రాఫిక్ జామ్ తప్పదు. వంటింట్లో మైక్రోవేవ్, చెవిలో బ్లూటూత్ కూడా ఆ దారిలోనే తిరుగుతాయి.

5 గిగాహెర్ట్జ్‌లో దారులు చాలా ఎక్కువ. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండ్‌లో మరింత భాగాన్ని లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు అనుమతించింది. పైగా దీని సిగ్నల్ గోడలు దాటడంలో బలహీనం. అదీ ఒక రకంగా మంచిదే, పక్కింటి వాళ్లది మన ఇంట్లోకి అంతగా రాదు. అందుకే డ్యూయల్ బ్యాండ్ తప్పనిసరి అనుకోండి. అలాగని 2.4ను ఆపేయకండి. చవక స్మార్ట్ బల్బులు, ఇంటి సీసీ కెమెరాలు, కొన్ని పాత స్మార్ట్ టీవీలు దానికే కనెక్ట్ అవుతాయి.

100 ఎంబీపీఎస్ లోపు ప్లాన్ అయితే పదిహేను వందలు, రెండు వేల మధ్య దొరికే డ్యూయల్ బ్యాండ్, 100 పోర్టుల రూటర్ కూడా ప్రస్తుతానికి సరిపోతుంది. ప్రస్తుతానికి అని ఎందుకంటే, రూటర్ ఒకసారి కొంటే నాలుగైదేళ్లు మారుస్తామా? ఈలోగా ప్లాన్ స్పీడ్ పెరగదా? మరో ఐదారు వందలు వేసి గిగాబిట్ తీసుకోవడమే మేలని మా మాట. ఏసీ1200 గిగాబిట్ మోడళ్లు రెండు నుంచి మూడు వేల మధ్య ఉంటాయి. 200, 300 ప్లాన్లకు ఇవి చక్కగా సరిపోతాయి.

వైఫై 6 కావాలా?

పేర్ల గందరగోళం ముందు తీర్చేద్దాం. 2018లో వైఫై అలయన్స్ అనే సంస్థ ఈ నంబర్లు తెచ్చింది. ఎన్ అంటే వైఫై 4, ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6. వైఫై 7 కూడా మార్కెట్లోకి వచ్చింది గానీ తక్కువ బడ్జెట్ ఇంటికి దాని ఊసు అక్కర్లేదు.

వైఫై 6లో అసలు లాభం ఒక్క ఫోన్‌కు వచ్చే స్పీడ్ కంటే, ఒకేసారి చాలా పరికరాలను సర్దుకుపోవడంలో ఉంది. ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, కెమెరాలు, ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్.. ఇలా పదిహేను దాటితే తేడా తెలుస్తుంది. మీ ఫోన్లు కూడా వైఫై 6వి అయి ఉండాలి. చవక ఫోన్లు చాలావరకు వైఫై 5 దగ్గరే ఆగుతాయి. అవి వైఫై 6 రూటర్‌కూ కనెక్ట్ అవుతాయి, కాకపోతే పాత పద్ధతిలోనే నడుస్తాయి. టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్10 లాంటి ఏఎక్స్1500 తరగతి మోడళ్లు సేల్‌లో మూడు వేలకు దగ్గరగా దొరికితే తీసుకోవచ్చు. ఏసీ1200 గిగాబిట్‌కూ దీనికీ తేడా ఐదు వందలే ఉంటే దీనివైపే మొగ్గండి. వెయ్యి దాటితే, ఆ డబ్బుతో కింద చెప్పే పని చేసుకోవడం మేలు.

యాంటెన్నాల సంగతి ఒక్క మాటలో.. సంఖ్య చూసి మురిసిపోకండి. ఎన్ని కొమ్ములు ఉన్నా సిగ్నల్ పంపే శక్తికి ప్రభుత్వ పరిమితి ఒకటుంటుంది.

వెయ్యి రూపాయలు ఇక్కడ పెట్టండి..

మన ఇళ్లలో రూటర్ ఉండే చోటు ఎలా ఖరారవుతుంది? లైన్‌మ్యాన్ వచ్చాడు, కిటికీలోంచి తీగ లాగాడు, అక్కడే మేకు కొట్టి తగిలించి వెళ్లాడు. అది సాధారణంగా ఇంటికి ఒక మూల. సగం సిగ్నల్ వీధిలోకి, పక్కింట్లోకి పోతుంది. లేదంటే టీవీ యూనిట్ వెనక, అల్మారా లోపల దాచేస్తాం, అందంగా ఉండదని.

సిగ్నల్‌కు పెద్ద శత్రువులు ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. ఇటుక గోడ ఒకటైతే 5 గిగాహెర్ట్జ్ దాటుకుంటుంది, రెండైతే నీరసిస్తుంది. ఇనుప చువ్వలున్న స్లాబ్ అయితే ఇక చెప్పక్కర్లేదు. కింద హాల్లో రూటర్ పెట్టి పై అంతస్తులో మీటింగ్ పెట్టుకుంటే మాట తెగకుండా ఎలా ఉంటుంది?

అందుకే ఓఎన్‌టీ ఎక్కడున్నా, అక్కడి నుంచి లాన్ కేబుల్ లాగి రూటర్‌ను ఇంటి మధ్యలో, తల ఎత్తులో, బయటకు కనిపించేలా పెట్టండి. పదిహేను మీటర్ల కేబుల్‌కు అయ్యే ఖర్చు కొన్ని వందలే. చాలా ఇళ్లలో ఈ ఒక్క పనితో కొత్త రూటర్ అవసరమే పడదు.

డూప్లెక్స్ ఇల్లు, లేదా జీ ప్లస్ వన్ అయితే? పైకి ఒక కేబుల్ వేసి, అక్కడ రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం ఉత్తమం. మూలన పడి ఉన్న పాత రూటర్ కూడా దీనికి పనికొస్తుంది. గోడ సాకెట్‌కు గుచ్చే రిపీటర్లు చవకే, కానీ మామూలు రకాలు ఒకే బ్యాండ్‌లో సిగ్నల్‌ను తీసుకుని మళ్లీ పంపాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగం పడిపోతుంది. కేబుల్ వేయడానికి ఏమాత్రం వీలు లేనప్పుడే వాటి వైపు చూడండి. అద్దె ఇంట్లో ఓనర్ మేకు కూడా కొట్టనివ్వకపోతే మాత్రం తప్పదు.

కొనేముందు ఆపరేటర్‌ను ఈ రెండు ప్రశ్నలు అడగండి..

కొన్ని కనెక్షన్లకు పీపీపీఓఈ అనే పద్ధతిలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. కొత్త రూటర్‌లో అవి ఎక్కించకపోతే ఇంటర్నెట్ రాదు. ముందే అడిగి రాసిపెట్టుకోండి. రెండోది, పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌ను వాళ్ల సిస్టమ్‌లో ముడిపెట్టారా అని. అలా ఉంటే కొత్త రూటర్ పెట్టాక ఒక ఫోన్ చేసి మార్పించాలి. ఈ సంగతి తెలియక 'రూటర్ పాడైంది' అని వాపస్ పంపేవాళ్లున్నారు.

కరెంట్ పోతే వైఫై కూడా పోతుంది కదా. దీనికి మినీ యూపీఎస్‌లు వెయ్యి, పదిహేను వందల్లో వస్తున్నాయి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద వోల్టేజ్ చూడండి. 9 వోల్టులా, 12 వోల్టులా అన్నది కచ్చితంగా కలవాలి. 9 వోల్టుల రూటర్‌కు 12 ఇస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. ఓఎన్‌టీకి కూడా బ్యాకప్ ఉండాలని మర్చిపోవద్దు. రూటర్ ఒక్కటే వెలుగుతుంటే వైఫై గుర్తు కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు.

ఊళ్లలో ఇంకా కొన్నిచోట్ల స్తంభం నుంచి రాగి లాన్ కేబులే ఇంట్లోకి వస్తోంది. ఉరుములు మెరుపులు మొదలైతే ఆ కేబుల్‌ను, అడాప్టర్‌ను తీసేయండి. దగ్గర్లో పిడుగు పడితే వాన్ పోర్ట్ మాడిపోతుంది. కాలిన పోర్ట్‌కు వారంటీ ఇవ్వరు. ఫైబర్ తీగకు ఈ బెడద లేదు, గాజులో కరెంట్ ప్రవహించదు కాబట్టి.

పెట్టిన రోజే చేయాల్సిన పని..

రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూపీఎస్ బటన్ ఫీచర్‌ను ఆపేయండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే అప్పుడే చేసేయండి. పక్క పోర్షన్ వాళ్లకు, ఇంటికొచ్చే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. మీ లైన్ నుంచి ఎవరు ఏం చేసినా ముందు మీ తలుపే తడతారు. సెకండ్ హ్యాండ్‌లో నాలుగైదు వందలకు దొరికే పాత రూటర్లకు కంపెనీలు అప్‌డేట్లు ఆపేసి ఉంటాయి, ఇంటి మెయిన్ రూటర్‌గా అలాంటివి వాడకపోవడమే మంచిది.

రూటర్ వచ్చిన రోజే డబ్బా చింపి పారేయకండి. మీ ఇంట్లో సిగ్నల్ అందని చివరి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, రాత్రి తొమ్మిదికి ఒక పావుగంట వీడియో కాల్ మాట్లాడండి. రూటర్ చోటు రెండు మూడు సార్లు మార్చి చూడండి. అప్పటికీ తెగుతుంటే రిటర్న్ గడువు ముగియకముందే వాపస్ పెట్టేయండి.